ఎడమచేతి విజ్ఞానలక్ష్మి

ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం పారిశ్రామికవాడ దాకా ఏ ఇంట్లో అద్దాల షోకేసు చూసినా అందులో ఒకావిడ నిలబడి ఉంటుంది. ఇత్తడి మనిషి, పైన బంగారు పూత. రైల్వేలో రిటైరైన వాళ్ళింట్లో ఆవిడ చేతిలో చక్రం ఉంటుంది. లాయరు ఇంట్లో తక్కెడ. వ్యవసాయ శాఖ గుమాస్తా ఇంట్లో జొన్నకంకి. బడిలో ఫస్టొచ్చిన పిల్ల ఇంట్లో పుస్తకం. క్యారమ్స్ కప్పు మీదైతే పూలదండ పట్టుకుని, ఇదిగో వేస్తున్నా మెడ వంచు అన్నట్టు ముందుకు వంగి ఉంటుంది. పేర్లు వేరు. శ్రమశక్తి అంటారు, న్యాయదేవత అంటారు, అన్నపూర్ణ, విద్యాలక్ష్మి, విజయలక్ష్మి అంటారు. మనిషి మాత్రం ఒక్కతే. అదే ముక్కు, అదే గడ్డం, కుడి బుగ్గ మీద అదే పుట్టుమచ్చ. ఇంతమంది ఇళ్ళలో ముప్పై ఏళ్ళుగా నిలబడినా ఒక్కడంటే ఒక్కడు ఆవిడ మొహం చూడలేదు. చేతిలో ఏముందో చూశారు, కింద తమ పేరు తప్పుల్లేకుండా పడిందో లేదో చూశారు, షోకేసులో పెట్టి తాళం వేశారు. మన జనం తీరే అంత.

ఆవిడను చెక్కింది సాంబయ్య. ఆలేరు దిక్కు నుంచి వచ్చినవాడు. తండ్రి ఊళ్ళో నగలు చేసే అవుసల పని చేసేవాడు. సాంబయ్య నాచారంలో ఒక ముసలి పనివాడి దగ్గర మెడల్స్‌కు అచ్చులు చెక్కడం నేర్చుకుని, తర్వాత ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని సొంతంగా పెట్టుకున్నాడు. ఆ పనిలో ఉన్న తమాషా ఏమిటంటే, ఉక్కు దిమ్మ మీద బొమ్మను గుంటగా చెక్కాలి, అక్షరాలను తిరగేసి చెక్కాలి. ఆ దిమ్మను ఇత్తడి బిళ్ళ మీద ప్రెస్సుతో ఒత్తితే గుంట గుట్టవుతుంది, తిరగేసింది సీదా అవుతుంది. ముప్పై ఏళ్ళు తిరగేసి రాసి రాసి సాంబయ్యకు సీదా అక్షరమంటేనే చిరాకు పుట్టింది. కరెంటు బిల్లు చదవడానికి పావుగంట పట్టేది. అంబులెన్సు ముందు తిరగేసి రాసిన పేరును మాత్రం అద్దం అక్కర్లేకుండా చటుక్కున చదివేవాడు. ఇది కూడా ఒక విద్యేనా అని మీరు నవ్వుతారు గానీ, మీకొచ్చా?

ఆయన భార్య సాలమ్మ. నాచారం గల్లీలో పిండి గిర్ని నడుపుతుంది. మనిషిది ఎడమచేతి వాటం. గిర్ని గొట్టం కింద డబ్బా పెట్టేది ఎడమ చేత్తో, పిండి తట్టేది ఎడమ చేత్తో, కట్టిన సంచీ చేతికిచ్చేది ఎడమ చేత్తో. కొత్తగా వచ్చినవాళ్ళు మొహం ముడిచి, "అమ్మా, జర కుడి చేతితోని ఇయ్యరాదూ" అంటే, "ఎందుకు? కుడి చేతితోని ఇస్తే జొన్నపిండి గోధుమ పిండైతదా?" అని అడిగేది. మళ్ళీ ఎవరూ అడిగేవారు కాదు. నోరు అట్లాంటిది.

అయితే సాలమ్మకు ఆ నోరు పుట్టుకతో రాలేదు, అత్తగారింట్లో వచ్చింది. పెళ్ళయిన కొత్తలో, ఎనభై మూడులో, నాచారంలో ఒక్క గది ఇంట్లో ఆమె మొదటిసారి దీపం ముట్టించి దేవుడి గూటి దగ్గరకు తీసుకెళ్తుంటే అత్తగారు చూసింది. దీపం ఎడమ చేతిలో ఉంది. "ఎడమ చేతితోని దీపమా! మా కొంప ముంచనీకి వచ్చినవా?" అని ఆ ముసలమ్మ అరిచిన అరుపుకు దీపం ఆరిపోయింది. సాలమ్మ ఏడవలేదు. గూట్లో ప్రమిద పెట్టి, ఎడమ చేతిని కొంగులో దాచుకుని నిలబడింది. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న సాంబయ్య అదంతా చూశాడు. భార్య తరఫున ఒక్క మాట అనాల్సింది. అనలేదు. మంచివాళ్ళకు ఉండే రోగమే ఇది, మాట కావలసినప్పుడు గొంతు పడిపోతుంది.

మర్నాడు షెడ్డులో ఒక బడి వాళ్ళ మెడల్ పని పడింది. దీపం పట్టుకున్న స్త్రీ కావాలన్నారు. సాంబయ్యకు ఇంకే స్త్రీ కళ్ళముందుకు రాలేదు. దీపంతో వస్తున్న సాలమ్మను చూసింది చూసినట్టు ఉక్కు మీదకు దింపాడు. ప్రెస్సు కొట్టి బిళ్ళ తీసి చూస్తే దీపం కుడి చేతిలో ఉంది! ఎడమ బుగ్గ మీద మచ్చ కుడి బుగ్గకు పోయింది! అక్షరాలు తిరగేయాలన్న సంగతి గుర్తుంది గానీ, పెళ్ళాం కూడా తిరగబడుతుందని ఆయనకు తట్టలేదు. బడివాళ్ళు మాత్రం కుడిచేతి దీపం చూసి మురిసిపోయారు. అప్పటి నుంచి ఏ బొమ్మ చెక్కినా సాలమ్మే. ఆమెను చూసినట్టే చెక్కేవాడు, అచ్చులో చెయ్యి దానంతటదే మారేది. లాయర్ల సంఘం వాళ్ళు న్యాయదేవతకు కళ్ళకు గంతలు కట్టమన్న రోజు మాత్రం సాంబయ్యకు అన్నం సహించలేదు. చివరికి గంతలను ఎంత పల్చగా చెక్కాడంటే, ఆ దేవత గుడ్డ వెనక నుంచి అంతా చూస్తూనే ఉంటుంది. సాలమ్మను ఎరిగినవాళ్ళెవరూ అది అన్యాయమనరు.

భార్యకు చూపించాలని మొదటి రోజే ఒక బిళ్ళ జేబులో వేసుకున్నాడు. ఇంటిదాకా వచ్చి ఆగిపోయాడు. చూడవే, నీ చెయ్యి ఇందులో సరిగ్గా పడింది అంటే ఏమనుకుంటుంది? ఈయన కూడా అమ్మ పక్షమే అనుకోదూ? రేపు చెప్దాం అనుకున్నాడు. ఆ రేపు ముప్పై ఏళ్ళయింది.

రెండువేల పదమూడు శీతాకాలంలో ఆ గుట్టు రట్టయింది. రట్టు చేసింది కనకమహాలక్ష్మి. ఆవిడది రాజమండ్రి వైపు. భర్త రైల్వేలో చేసి రిటైరయ్యాడు. నాలుగిళ్ళ అవతల ఉంటారు. వంటిల్లు తుడిచినంత శ్రద్ధగా షోకేసు తుడిచే మనిషి. ఒకరోజు గోధుమలు పట్టించడానికి వచ్చి, గిర్ని హోరు మీద గొంతు పెంచి అడిగింది.

"సాలమ్మగారూ, మీ ఆయన చెక్కే ఆ అమ్మాయి ఎవరండీ?"

"ఏ అమ్మాయి?"

"అదేనండీ, మావారి రిటైర్మెంట్ షీల్డు మీద ఉందీ, మా అబ్బాయి క్యారమ్స్ కప్పు మీద ఉందీ, మా మరిదిగారి లాయర్ల మెడల్ మీదా ఉందీ. అన్నిటా ఒకటే మొహం. బుగ్గ మీద మచ్చతో సహా! చక్కటి పిల్లండీ. బంధువా?"

సాలమ్మ గిర్ని ఆపేసింది. గోధుమలు సగం పిండి, సగం గింజలుగా ఉండిపోయాయి. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని ఊరికే అన్నారా? ఇంకో ఆడది ఉండడం ఒక ఎత్తు, ఆ సంగతి కనకమహాలక్ష్మికి ముందు తెలియడం ఇంకో ఎత్తు.

అలా పిండి చేతులతోనే షెడ్డుకు వచ్చింది. గోడ మీద చెక్క పలకకు పాత నమూనాలన్నీ బిగించి ఉంటాయి. బల్ల మీది భూతద్దం తీసుకుని ఒక్కొక్కటీ చూసింది. సాంబయ్య ఉలి కింద పెట్టాడు.

"ఎవతె ఇది?"

ముప్పై ఏళ్ళ రేపు ఇవాళ్టికి వచ్చిందని సాంబయ్యకు అర్థమైంది. సిగ్గుపడుతూ చెప్పాడు. "నువ్వే."

"నేనా? నా మచ్చ ఏడున్నది?"

"ఎడమ బుగ్గకు."

"దీనిది?"

"కుడి బుగ్గకు."

"నేను ఏ చేతితోని పని జేస్త?"

"ఎడమ చేతితోని."

"ఇది దీపం ఏ చేతితోని పట్టుకున్నది? కంకి ఏ చేతితోని పట్టుకున్నది? ఒక్కదాంట్లనన్న ఎడమ చెయ్యి లేపిందా? మరి ఇది నేనెట్లయిత?"

"అచ్చు అట్లనే ఉంటదే. ఉల్టా చెక్కితే సీదా వస్తది. నేను నిన్ను సీదా చెక్కిన, గందుకని ఉల్టా వచ్చినవ్."

"నీ మాటలే ఉల్టా సీదా ఉన్నయ్!"

పాపం, ఆయన ఉక్కు దిమ్మనే తెచ్చి చూపించాడు. ఇందులో చూడు, మచ్చ నీకున్న దిక్కే ఉంది అన్నాడు. గుంటలో ఉన్న మొహాన్ని సాలమ్మ ఎటు తిప్పి చూసినా గుంటే కనిపించింది. "లోపటొకతి, బయటొకతి. మంచిగనే నడుస్తున్నది నీ కత" అంది. అద్దం తెచ్చి, అందులో చూసుకుని బిళ్ళతో పోల్చుకోమన్నాడు. "అద్దాలు జూపెట్టి నన్ను ఎర్రిదాన్ని జేస్తవా?" అని అద్దాన్ని బోర్లా వేసి వెళ్ళిపోయింది. నిజం చెప్పినా నమ్మించలేని మొగుడి కంటే అబద్ధం చెప్పి నమ్మించగలవాడు ఎంత సుఖపడతాడో కదా!

సాయంత్రానికి గిర్నికి తాళం పడింది. సాలమ్మ చెంగిచెర్లలో ఉన్న తమ్ముడు బాలరాజు ఇంటికి వెళ్ళిపోయింది.

రెండో రోజు సాంబయ్య వెనకే వెళ్ళాడు. బాలరాజు బావను వాకిట్లోనే ఆపి, గొంతు తగ్గించి, "బావా, మగోనితోని మగోడు. నిజం చెప్పు. ఎవరామె?" అన్నాడు. సాంబయ్య ఒక మెడల్ చేతిలో పెట్టాడు. బాలరాజు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "ఎవరైతేంది గాని మస్తున్నది బావా" అన్నాడు. కిటికీలోంచి చీపురు వచ్చి వీపున తగిలింది.

"అవున్లే, మస్తుంటది!" అని లోపల్నుంచి సాలమ్మ. "పని లేదు పాట లేదు, నున్నగ నిలబడ్డది. నా లెక్క గిర్నిల పిండి మింగితే తెలుస్తుండె. ఆ నడుం సూడు, ఆ సోకు సూడు!"

తన నడుం మీద తనే అంత కుళ్ళుకున్న ఆడదాన్ని నేనైతే ఎక్కడా చూడలేదు. సాంబయ్యకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "సాలమ్మా, ఒట్టు, అది నువ్వే" అన్నాడు. "నేనైతే నా లెక్క ఉండాలె. నా చెయ్యి నాకుండాలె" అని ఆమె తలుపు వేసుకుంది.

గల్లీ మాత్రం గిర్ని కోసం అల్లాడిపోయింది. జనం సాంబయ్య ఇంటికి వరస కట్టారు, కాపురం ఏమైందని కాదు, పిండి ఏదీ అని. కనకమహాలక్ష్మి అయితే, "మా ఇంట్లో మూడ్రోజులుగా చపాతీ లేదండీ, మావారికి షుగరండీ, ఏదో సర్దుకుని తీసుకొచ్చేయండీ" అని ఆయనకే హితబోధ చేసింది. కొంప అంటించి నీళ్ళ బకెట్టు అడగడమంటే ఇదే. సాంబయ్యకు పిండి లేదు, పెళ్ళాం లేదు, పొద్దున లేస్తే టీ పెట్టేవాళ్ళు లేరు. అన్నిటికంటే "నా చెయ్యి నాకుండాలె" అన్న మాట ఆయన్ను నిద్రపోనివ్వలేదు. అవును మరి. ముప్పై ఏళ్ళుగా ఊరందరి ఇళ్ళలో ఆమెను నిలబెట్టాడు గానీ, తన తల్లి కోరుకున్నట్టే, కుడి చేత్తోనే కదా నిలబెట్టాడు!

సరిగ్గా అప్పుడే ఆయన చేతిలో ఒక పెద్ద పని ఉంది. ఉప్పల్లో ఒక సర్కారు ల్యాబు ఉంది. ఏది దేంట్లో ఎంత కలిసిందో పరీక్ష చేసి తేల్చడం వాళ్ళ పని. దానికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. మూడు వందల మంది ఉద్యోగులకు స్వర్ణోత్సవ పతకం. పతకాల కమిటీ అధ్యక్షులు సత్యనారాయణమూర్తి గారు, పెద్ద శాస్త్రవేత్త, కాకినాడ మనిషి. ఆయన విదేశాల పాత పతకాల మీద ఏదో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చదివి, అందులోని బొమ్మల జిరాక్సు తెచ్చారు. విజ్ఞానదేవత నిలబడి ఉంటుంది. కుడి చేతిలో దీపం, కాళ్ళ దగ్గర గుడ్లగూబ, చుట్టూ తన తోక తానే మింగుతున్న పాము, పక్కన పళ్ళూ పూలూ పొంగిపోతున్న కొమ్ము, వెనక ఉదయిస్తున్న సూర్యుడు.

"సారూ, ఇది మెడలా, జాతరా?" అన్నాడు సాంబయ్య.

"ప్రతిదానికీ అర్థం ఉందండీ. గుడ్లగూబ జ్ఞానానికి చిహ్నం."

"మా దిక్కు గుడ్లగూబ వాలితే ఇల్లు ఖాళీ జేస్తరు సారూ. రేపు రిటైరయ్యేటోనికి అది ఇస్తిరనుకో, పొమ్మంటున్నరనుకుంటడు."

మూర్తిగారు ఆలోచనలో పడ్డారు. "మరి పాము? అది అనంతానికి గుర్తు."

"తోక మింగుతున్నది గదా, ఆకలికి గుర్తనుకుంటరు సారూ. క్యాంటీన్ మీద కోపమని యూనియనోళ్ళు పట్టుకుంటరు."

కొమ్ము సంగతి వచ్చేసరికి, "మేడమ్ దీపం పట్టుకొని కూరగాయల సంతకు పోతున్నదా?" అన్నాడు. చివరికి గుడ్లగూబ స్థానంలో హంస కూర్చుంది. పాలను నీళ్ళనూ వేరు చేసేది హంస, ల్యాబు చేసేదీ అదే పని. ఆ మాట సాంబయ్యే అన్నాడు గానీ కమిటీలో మూర్తిగారు తన మాటగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. కుడి చేత దీపం, పాదాల దగ్గర హంస, వెనక సూర్యుడు. కాగితం మీద బొమ్మ ఖాయమైంది, సంతకాలయ్యాయి.

సాలమ్మ వెళ్ళిపోయే నాటికి ఆ అచ్చు సగంలో ఉంది. చెంగిచెర్ల నుంచి తిరిగొచ్చిన సాంబయ్య ఆ దిమ్మను పక్కన పడేసి కొత్త దిమ్మ తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి అక్షరాలతోపాటు పెళ్ళాన్ని కూడా తిరగేసి చెక్కడం మొదలుపెట్టాడు. ఇప్పుడు దిమ్మ మీద దీపం కుడి చేతిలో ఉంటే, బిళ్ళ మీద ఎడమ చేతిలో పడుతుంది. మచ్చ తన బుగ్గకు తాను వస్తుంది. ఆమె ఆమెలాగే ఉంటుంది. పతకాలు వెనక్కి కొడితే ఉప్పల్ నాచారాల్లో తన పేరు ఏమవుతుందో సాంబయ్యకు తెలుసు. కానీ ఎనభై మూడులో గుమ్మం దగ్గర అనాల్సిన మాట ఇప్పుడైనా అనకపోతే ఇక ఎప్పుడు?

అచ్చు పరీక్షించడానికి మూర్తిగారు వచ్చారు. మామూలుగా అయితే సాంబయ్య మైనం ముద్ద మీద అచ్చు నొక్కి, ఎలా పడుతుందో చూపిస్తాడు. ఆ రోజు మైనం ఎక్కడ పెట్టాడో ఎంత వెతికినా కనిపించలేదట. మూర్తిగారు కళ్ళజోడు సవరించుకుని కాగితాన్నీ దిమ్మనూ పక్కపక్కన పెట్టి చూశారు.

"అక్షరాలు తిరగబడ్డాయేమిటండీ?"

"ఒత్తితే సీదా వస్తయి సారూ."

"ఆఁ, తెలుసు తెలుసు. నేను సైంటిస్టునండీ" అని నవ్వారు. "దీపం కుడి చేతిలోనే ఉంది. బొమ్మలో ఉన్నట్టే ఉంది. భేష్!" అని సంతకం పెట్టి వెళ్ళారు. అక్షరం తిరగబడుతుందని తెలిసిన మనిషికి చెయ్యీ తిరగబడుతుందని తట్టలేదు. ముప్పై ఏళ్ళ కిందట సాంబయ్యకూ తట్టలేదు కదా, ఏమని అంటాడు?

స్వర్ణోత్సవానికి ముందు రోజు బాలరాజుకు ఫోన్ చేశాడు. "మీ అక్కకు చెప్పు. రేపు ఉప్పల్ల ఫంక్షన్‌కు ఆమె వస్తున్నది. నమ్మకం లేకుంటే నువ్వే వచ్చి కండ్లార సూసుకో అన్ననని చెప్పు."

ఆ మాట చాలు. మర్నాడు పదింటికల్లా సాలమ్మ పోచంపల్లి చీర కట్టుకుని, జుట్టు బిగించి ముడి వేసుకుని, తమ్ముడి స్కూటర్ వెనక కూర్చుని ల్యాబు ఆడిటోరియంలో దిగింది. మూడో వరసలో కూర్చుని, కుడి బుగ్గ మీద మచ్చ ఉన్న ఆడమనిషి కోసం ఒక్కొక్క మొహమే గాలించడం మొదలుపెట్టింది. పక్కన కూర్చున్న సాంబయ్యను పలకరించలేదు. "ఏదీ నీ రాణి?" అని మాత్రం పళ్ళ మధ్య నుంచి అడిగింది. "వస్తది" అన్నాడు సాంబయ్య.

ల్యాబు తొలినాళ్ళ డైరెక్టరు నరసింహమూర్తి గారు ముఖ్య అతిథి. ఎనభై దాటిన మనిషి, సీసా అడుగంత మందం కళ్ళజోడు. ఆయన చేతుల మీదుగా పతకాలు పంచడం మొదలైంది. మొదటి పది డబ్బాలు విప్పేసరికి హాలులో గుసగుసలు లేచాయి. ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి అన్న మాట ముందు వరస నుంచి వెనక వరస దాకా పాకింది. యూనియన్ నాయకుడు ఉమామహేశ్వర్ లేచి నిలబడ్డాడు.

"ఏంది సార్ ఇది? దీపం ఎడమ చేతితోని ఇస్తున్నరు? ఇది ఇచ్చుడా, ఎల్లగొట్టుడా?"

సత్యనారాయణమూర్తి గారు డబ్బా తెరిచి చూసుకున్నారు. మొహం పాలిపోయింది. మూడో వరసలో ఉన్న సాంబయ్య వైపు చూశారు. సాంబయ్య తల దించుకున్నాడు. మైకు చేతిలో ఉంది, హాలంతా తనవైపే చూస్తోంది, ఇక చేసేదేముంది? చదువుకున్నవారు కదా, కల్పించేశారు.

"మిత్రులారా! ఇది పొరపాటు కాదు, ప్రతీక! గుండె ఎక్కడుంటుంది? ఎడమ వైపు! విజ్ఞానం హృదయానికి దగ్గరగా ఉండాలని ఆ దీపం ఆ చేతిలో పెట్టాం. మరి కుడి చెయ్యి? అది పని చేయడానికి ఖాళీగా ఉంది!"

సగం హాలు చప్పట్లు కొట్టింది. మిగతా సగం ఉమామహేశ్వర్ వంక చూసింది. ఆయన కూర్చోలేదు. సత్యనారాయణమూర్తి గారు మాట మార్చడానికి గబగబా, "ఈ పతకం చెక్కిన కళాకారుణ్ణి సన్మానించుకుందాం, సాంబయ్యగారు రావాలి" అన్నారు. శాలువా ఎటూ సిద్ధంగా ఉంది.

సాంబయ్య లేచి, వేదిక కింద నిలబడి, "నాకు గాదు సారూ. మా ఇంటామెకు ఇయ్యిండ్రి" అన్నాడు. జీవితంలో అంతమందిలో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

సాలమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఎవరో చెయ్యి పట్టి మెట్లెక్కించారు. వేదిక మీద నుంచైతే హాలు మొత్తం కనిపిస్తుంది కదా, ఆ రాణి దొరికిపోతుంది అనుకుందో ఏమో, మెడ తిప్పి వెనక వరసలు వెతుకుతూనే ఉంది. శాలువా కప్పిన సంగతి కూడా పట్టించుకోలేదు. నరసింహమూర్తి గారు పతకం ముందుకు చాపారు. సాలమ్మ చూపు హాలు మీద ఉంది, చెయ్యి దాని అలవాటున అది పోయింది. ఎడమ చెయ్యి.

పతకం అందుకున్నాక గానీ ఆమెకు తెలియలేదు. ఉలిక్కిపడి, ఆ చేతిని కొంగులో దాచుకోబోయింది. కిందనున్న సాంబయ్యకు ఎనభై మూడు నాటి ఆ గది, ఆరిపోయిన ఆ దీపం కళ్ళముందు నిలిచాయి.

నరసింహమూర్తి గారు ఆమె మణికట్టు మెల్లగా పట్టుకున్నారు. కళ్ళజోడు ఎత్తి ఆమె చేతిలోని పతకాన్ని చూశారు. ఆమె చేతిని చూశారు. ఎడమ బుగ్గ మీది మచ్చను చూశారు. తర్వాత ఆయనన్న మాట మైకులో హాలంతా వినిపించింది.

"అమ్మా, ఇది మీరే కదూ!"

అప్పటిదాకా పంచిన డబ్బాలన్నీ టపటపా తెరుచుకుని వరసల్లో చేతులు మారాయి. మూడు వందల మంది ఒకసారి బిళ్ళను, ఒకసారి సాలమ్మను చూశారు. ముప్పై ఏళ్ళలో ఆ మొహాన్ని జనం చూడడం అదే మొదలు.

సాలమ్మ కూడా అప్పుడే చూసుకుంది. కుడి చేత్తో తన ఎడమ బుగ్గ తడుముకుంది. తర్వాత, ఎదురుగా మైకుందని మరిచిపోయి, "ఇది నా చెయ్యే" అంది. కిందకు చూసి, "మరి పాతయి?" అని అడిగింది.

"అవి గూడ నువ్వే. అచ్చుల చెయ్యి మారింది."

"మరి ముప్పై ఏండ్ల సంది ఎందుకు చెప్పలే?"

"దీపం ముట్టిచ్చిన నాడు మా అమ్మ నిన్ను తిట్టింది గద. కుడి చెయ్యి పడ్డ బిళ్ళ జూపెడితే, నేను గూడ అమ్మ దిక్కే అనుకుంటవని భయపడ్డ."

సాలమ్మ కళ్ళు నిండాయి. "పిచ్చి మనిషీ" అంది. అదీ మైకులో వినిపించింది. హాలు ఘొల్లుమని నవ్వింది, చప్పట్లు మొదలయ్యాయి. అందరికంటే గట్టిగా కొట్టింది ఉమామహేశ్వర్. పైగా, "అక్కా, ఎడమ చేతితోనే ఇయ్యి!" అని తన డబ్బా మళ్ళీ వేదిక మీదకు పట్టుకొచ్చి, ఆమె చేతి మీదుగా తీసుకున్నాడు. ఆయన వెనక వరస కట్టారు. మిగిలిన పతకాలన్నీ సాలమ్మే పంచింది. సత్యనారాయణమూర్తి గారు ఇప్పటికీ ఆ ఎడమచేతి ఆలోచన తనదేనని చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి.

ఇంటికి షేర్ ఆటోలో బయలుదేరారు. సాలమ్మ దారంతా పతకాన్ని తిప్పి తిప్పి చూసింది. హబ్సిగూడ మలుపు దగ్గర మొదలుపెట్టింది.

"రైలోళ్ళకు చక్రం మోసిన."

"ఊఁ" అన్నాడు సాంబయ్య.

"లాయర్లకు తక్కెడ మోసిన. కంకులు మోసిన, పుస్తకాలు మోసిన. ఇంట్ల గిర్ని, బయట ఇది. ముప్పై ఏండ్ల సంది నిలబెట్టే ఉంచినవ్ గద! ఒక్కనాడన్న జర కూసోవెట్టాలని పుట్టలేదా నీకు?"

ఆటోలో వాళ్ళంతా నవ్వారు. సాంబయ్య నవ్వలేదు. నిజమే కదా అనుకున్నాడు.

మరుసటి ఏడు జూన్‌లో రాష్ట్రం వచ్చింది. నాచారంలో ఒక కాలనీ సంఘం వాళ్ళు ఆ సంబరానికి షీల్డు కావాలని వచ్చారు. తల్లి బొమ్మ ఉండాలి, చేతిలో ఏం పెట్టాలో నువ్వే చెప్పు అన్నారు. సాంబయ్య వారం రోజులు కూర్చుని చెక్కాడు. ఆ తల్లి పీట మీద కూర్చుని ఉంది. కాళ్ళు చాపుకుంది. చేతులు రెండూ ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి, ఎడమ చెయ్యి మీదికి కనబడేలా. చక్రం, తక్కెడ, కంకి, దీపం, అన్నీ పక్కన నేల మీద పెట్టి ఉన్నాయి.

సంఘం అధ్యక్షుడు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచిగనే ఉన్నది గాని సాంబన్నా, ఉత్త చేతులేంది? ఇది దేనికి గుర్తు?"

"పని అయిపోయిందని గుర్తు" అన్నాడు సాంబయ్య, తన తెలివికి తానే మురిసిపోతూ.

టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చిన సాలమ్మ గుమ్మంలోనే ఆగింది. దాన్ని ఎడమ చేత్తో బల్ల మీద పెట్టింది.

"పని ఏడ అయిపోయింది?" అంది. "జర దమ్ము తీసుకుంటున్న, గంతే."